రోజా రఖాయి నాడు తాగిన మంచినీళ్లు

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా కింది వాటాలో ఉండే గోదావరి జిల్లా ఆవిడ. మధ్యాహ్నం జుహర్ నమాజు ముగించి, కింద పరిచిన జానమాజు చాప మడత పెడుతున్నాను. చూస్తే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఏంటండీ, అలా నిలబడిపోయారు?" అన్నాను. ఆవిడతో మాట్లాడేటప్పుడు నాకూ ఆ అండీలు వచ్చేస్తాయి.

"ఒక్క మాట చెప్పాలండీ. చెప్పాలా వద్దా అని ఇందాకటి నుంచీ ఒకటే ఆలోచన. పాప మా ఇంట్లో మంచినీళ్లు తాగిందండీ."

పాప అంటే మా తమ్ముడి కూతురు. అప్పటికి ఎనిమిదేళ్లది. ఆ రోజు ఆ పిల్లకు మొదటి రోజా. మాలో పిల్లలు మొదటిసారి ఉపవాసం ఉన్న రోజును వేడుకగా చేస్తారు. రోజా రఖాయి అంటారు. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలహారం వేసి, సాయంత్రం ఇఫ్తార్‌కు బంధువులను పిలిచి, అందరి మధ్యా పిల్లను కూర్చోబెట్టి రోజా విడిపిస్తారు. మా చిన్నప్పుడు అది ఇంటి నడవలో జరిగిపోయేది. హారం కూడా ఇంట్లోనే గుచ్చేవాళ్లు. ఇప్పుడు హాలు కావాలి, మైకు కావాలి, ఫొటోలు కావాలి. నాకు దాని మీద ఫిర్యాదేమీ లేదు. కాలం అలా ఉంది, పిల్లలు సంతోషపడతారు.

కింది ఆవిడకూ ఆ సాయంత్రానికి పిలుపు ఉంది. అందుకే ఆమె అంత బెంగపడ్డారు.

"గోరింటాకు ఎర్రగా పండిందని చూపించడానికి వచ్చిందండీ. అమ్మమ్మా, కుండలో నీళ్లివ్వవా అంది. రోజూ అడుగుతుంది, రోజూ ఇస్తాను. అలవాటుగా ఇచ్చేశాను. సగం తాగాక నాకు గుర్తొచ్చింది. అయ్యో, ఇవాళ నీకు ఉపవాసం కదమ్మా అన్నాను. గ్లాసు దించి నా మొహంలోకి చూసింది. మళ్లీ ఎత్తి మిగిలినవి కూడా తాగేసింది." ఆవిడ కొంగుతో మెడ తుడుచుకున్నారు. "ఆ పాపం నాకేమన్నా తగులుతుందాండీ?"

"దాహమన్న పిల్లకు నీళ్లిచ్చారు. మీకేం పాపమండీ," అన్నాను. మనసులో మాత్రం ఇంకో మాట నడుస్తోంది. మా ధర్మంలో రోజాలో ఉన్నవాళ్లు మరిచిపోయి తిన్నా, తాగినా ఆ రోజా చెడదు. ఆ అన్నం, ఆ నీళ్లు అల్లా ఇచ్చినవేననుకుని సాయంత్రం దాకా కొనసాగిస్తారు. ఎంత దయగల నియమమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. మరిచిపోయి ఉంటుందిలే అనుకుని, అల్లాకు షుకర్ చెప్పుకుని, తమ్ముడి వాళ్లుండే ఎదురు వాటాలోకి వెళ్లాను.

అక్కడ దుల్హన్ ఇస్త్రీ చేస్తోంది. మా హైదరాబాదు ఇళ్లలో చిన్న కోడలిని పెళ్లయిన ఎన్నేళ్లకైనా దుల్హన్ అనే పిలుస్తారు. పెళ్లికూతురు అని అర్థం. మా తమ్ముడి భార్యను నేనూ అలాగే పిలుస్తాను. ఇంకో పేరు నా నోటికి రాదు. పిల్ల మంచం మీద కూర్చుని గోరింటాకు చేతులను గాలికి ఊపుతోంది.

"బేటా, కింద అమ్మమ్మ వాళ్లింట్లో నీళ్లు తాగావా?"

"తాగిన ఫుప్పూ." ఫుప్పు అంటే మేనత్త.

దుల్హన్ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. నేను తొందరగా అన్నాను: "మరిచిపోయి తాగావు కదా?"

"లేదు. యాదుంది."

"సగం తాగినంక యాదికొచ్చిందా?" అంది దుల్హన్.

"లేదమ్మీ. మెట్లు దిగుతుంటేనే యాదుంది. దాహమైంది."

ఆ పిల్ల ఏడవలేదు, భయపడలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది. మేమిద్దరం మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

దుల్హన్ దుకాణానికి ఫోను చేసింది. మా తమ్ముడికి అమీర్‌పేటలో లాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం ఉంది. కోచింగ్ సెంటర్ల వాళ్లందరూ తెలుసు. పంజాగుట్టలో హాలు మాట్లాడింది, పిల్ల ఫొటోతో పిలుపు వీడియో చేయించి అందరి ఫోన్లకూ పంపింది తనే. ఫోన్లో అతని గొంతు నాకూ వినిపించింది.

"మర్చిపోయి తాగింది. అంతే. ఇంక ఎవరన్న అడిగితే గదే చెప్పండి."

"యాదుంది అంటుంది కదా," అంది దుల్హన్.

"ఎనిమిదేళ్ల పిల్లకు ఏం యాదుంటది, ఏం ఉండది? మర్చిపోయిందని చెప్పు."

దుల్హన్ ఫోను పెట్టేసింది. తర్వాత స్కూలు దీనియాత్ మిస్‌కు గొంతు రికార్డు చేసి పంపింది. దీనియాత్ అంటే ధర్మానికి సంబంధించిన చదువు. పిల్ల చదివేది బంజారా హిల్స్‌లో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో. లెక్కలు, సైన్సుతోపాటు అదీ చెబుతారు. ఆ మిస్ కూడా సాయంత్రం వస్తానంది, స్కూలు తరఫున పిల్లకు షీల్డు ఇస్తానంది. "మిస్, రోజాలో ఉన్న పిల్ల మర్చిపోయి నీళ్లు తాగితే ఎట్ల?" అని దుల్హన్ అడిగింది. జవాబు వెంటనే వచ్చింది. లేత గొంతు, నవ్వు కలిసిన గొంతు. మరిచిపోయి తాగితే రోజా ఉన్నట్టేనని, ఏం ఫికర్ చేయొద్దని, సాయంత్రం కలుద్దామని.

దుల్హన్ ఆ జవాబును పిల్లకు వినిపించింది. "విన్నవా? మిస్ చెప్పింది."

పిల్ల విని అడిగింది: "నేను మర్చిపోయినా అని మిస్‌కు చెప్పినవా అమ్మీ?"

దుల్హన్ ఇస్త్రీపెట్టె అందుకుంది. గౌను అప్పటికే ఇస్త్రీ అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి చేసింది.

ఆ స్కూలు గురించి ఒక మాట చెప్పాలి. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఆయాసం జబ్బు ఉండడంతో మా అబ్బా, అంటే నాన్న, నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఉర్దూ, తెలుగు, లెక్కలు, ఖురాన్ అన్నీ ఆయన దగ్గరే. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఏ దువా, అంటే ఏ ప్రార్థన అయినా అర్థం చెప్పకుండా కంఠతా పట్టించేవారు కాదు. నువ్వు ఎవరితో ఏం మాట్లాడుతున్నావో నీకు తెలియాలి కదా అనేవారు. ఆ జబ్బుకు నేను ఎన్నోసార్లు షుకర్ చెప్పుకున్నాను. అది లేకపోతే ఆయన దగ్గర అన్నేళ్లు కూర్చునే భాగ్యం నాకు దొరికేది కాదు. పిల్లకు నేనూ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అలాగే నేర్పాను.

స్కూల్లో వేరే పద్ధతి. నెలకో మంచి గుణం తీసుకుంటారు. ఒక నెల ఓర్పు, ఒక నెల నిజాయితీ, ఒక నెల దానం. పాటలు కడతారు, నాటికలు వేస్తారు, గోడ మీద చార్టులో పిల్లల పేర్ల పక్కన నక్షత్రాలు అతికిస్తారు. నేను వాళ్లను తప్పుపట్టను. మా పిల్ల ఖురాన్ చదివే తీరు నా తీరు కంటే ఎంతో అందంగా ఉంటుంది. అక్షరం పలికే చోటు, ఊపిరి ఆపే చోటు దానికి బాగా తెలుసు. అది వాళ్ల చలవే. నాకు తేడాగా కనిపించేది ఒక్కటే. అక్కడ నేర్చుకున్న ప్రతి మంచినీ ఎవరికో ఒకరికి చూపించాల్సి వస్తుంది. చూపించడానికి ఏమీ లేని రోజు ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఆ రోజు మా ఇంట్లో వచ్చింది అలాంటి రోజే.

ఆ వయసు పిల్ల మీద మా ధర్మంలో రోజా బాధ్యత ఇంకా రాదు. ఆ నీళ్ల వల్ల దానికి ఏ పాపమూ లేదు. నాకు వచ్చిన భయం నీళ్ల గురించి కాదు. దాని జీవితంలో మొదటి ఆరాధనలోనే పెద్దవాళ్లందరం కలిసి ఒక అబద్ధాన్ని దాని నోట్లో పెడతామా అన్నదే. ఒకసారి పెడితే తర్వాత ప్రతి రోజాలోనూ దాని రుచి వస్తుందేమో. ఇంత తెలిసీ నేను తమ్ముడితో గట్టిగా ఏమీ అనలేకపోయాను. ఇల్లు అతనిది, పిల్ల అతనిది, వేడుక అతనిది.

సాయంత్రం అసర్ నమాజు వేళకు దుల్హన్ వాళ్ల అమ్మ యూసుఫ్‌గూడ నుంచి ఆటోలో దిగింది. పిల్లకు నానీమా. పల్లెటూళ్లో పుట్టి పెరిగిన మనిషి, ఇప్పటికీ రోజాను ఒక్కపొద్దు అనే అంటుంది. లోపలికి వస్తూనే, "ఏందే, ఎవలన్న పోయిన్రా ఇంట్ల? గిట్ల కూసున్నరేంది?" అంది. సంగతి చెప్పాం.

"ఓస్, గంతేనా? గీ ఎండల ఆటోల వచ్చుకుంట నేను సుత బాటిలు దిక్కు నాలుగుసార్లు సూసిన."

"నువ్వు తాగలేదు కదమ్మా," అంది దుల్హన్.

"నాకు తాగబెట్టేటోళ్లు లేకపాయె."

తమ్ముడు కారు తెచ్చాడు. ముందు అతనూ దుల్హనూ, వెనక నేనూ నానీమా, మా మధ్య తెల్ల గౌనులో పిల్ల. మా ఇల్లున్న అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరమని! ఇఫ్తార్ ముందు ఆ కాస్త దూరమే తెగదు. మెట్రో స్తంభాల నీడలో బండ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. బ్యాగులు వీపున వేసుకున్న కోచింగ్ పిల్లలు వాటి మధ్య నుంచే దాటుతున్నారు. రోడ్డు పక్క హలీం బట్టీల దగ్గర అప్పుడే జనం మూగారు.

తమ్ముడు అద్దంలో పిల్లను చూస్తూ మెల్లగా మొదలుపెట్టాడు. "జర విను బేటా. నిన్ను ఎవ్వరు ఏం అడగరు. మైకు ఇస్తరు. దువా చదువు. ఖర్జూరం నోట్ల పెట్టుకో. ఐపోయింది. అబద్ధం ఏమన్న ఉందా గిండ్ల?"

పిల్ల కొంచెంసేపు ఆలోచించింది. "ఆ దువాల 'యా అల్లా, నీ కోసం రోజా ఉన్న' అని ఉంది కదా అబ్బూ."

ముందు బండి కదిలింది. తమ్ముడు కదిలించలేదు. వెనక నుంచి హారన్లు మోగాయి.

"గది నీకెవరు చెప్పిన్రు?"

"ఫుప్పు."

అద్దంలో అతని కళ్లు నా మీదికి వచ్చాయి. "మస్తు పని చేసినవ్ ఆపా. పిల్లలందరు హాయిగ అరబీల చదువుకుంట పోతున్నరు. నీకే అర్థాలు గావాలె." ఆపా అంటే అక్క.

"అబ్బా నీకు సుత గట్లనే నేర్పిండు," అన్నాను.

"నాకు యాద్ లేదు."

నానీమా నవ్వింది. "గదే మంచిగైంది అల్లుడూ. నువ్వు మర్చిపోయినవ్ గాబట్టి నీ ఒక్కపొద్దు చెల్లుతది. పోరికి యాదుంది, గందుకే గీ తిప్పలు."

తమ్ముడికి కూడా నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. దుల్హన్ నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

పిల్ల నా చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "దువా చదవకపోతే అల్లాకు కోపం వస్తదా, చదివితే వస్తదా?" గుసగుసే కానీ ఆ కారులో అందరికీ వినిపించింది. జవాబు నాకు తెలుసు. తమ్ముడి ముందు ఆ జవాబు చెప్పడం అతని మొహం మీద తలుపు వేయడమే అవుతుందని అనిపించింది. పిల్ల చేయి పట్టుకున్నాను, అంతే.

హాల్లో మగవాళ్లకు ఒక వైపు, ఆడవాళ్లకు ఒక వైపు, మధ్యలో పరదా. మా వైపు చిన్న వేదిక మీద మల్లెలు చుట్టిన పెద్ద కుర్చీ ఉంది. తమ్ముడు పరదా అవతలికి వెళ్లిపోయాడు. దీనియాత్ మిస్ ముందే వచ్చి ఉంది. చూస్తే తనే ఇంకా కాలేజీ పిల్లలా ఉంది. షీల్డు రంగు కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. కింది ఆవిడ పట్టుచీర కట్టుకుని మూల కుర్చీలో కూర్చున్నారు. నన్ను చూసి కళ్లతోనే ఏమైందని అడిగారు. నేను తల అడ్డంగా ఊపాను. దాని అర్థం నాకే తెలియదు.

రోజా విడిచే అజాన్ పిలుపుకు ఇంకా కొన్ని నిమిషాలుంది. ఫొటోలు తీసే అమ్మాయి పిల్లను వేదిక మీదికి రమ్మంది. మిస్ మైకు పట్టుకుని లేచింది. ఎవరో పళ్లెంలో హారం తెచ్చారు. పిల్ల నా చేయి వదల్లేదు. నేను లేవలేదు.

అప్పుడు దుల్హన్ వేదిక ఎక్కింది. పది మందిలో మాట్లాడడం నేను ఎన్నడూ చూడని మనిషి. మా ఇంటికి ఎవరైనా వస్తే చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోతుంది. మిస్ చేతిలోంచి మైకు తీసుకుంది.

"అస్సలాము అలైకుమ్. మా పాప ఇయ్యాల రోజాల లేదు. దాహమైంది, నీళ్లు తాగింది. మర్చిపోయి తాగలేదు. నిజం తనే చెప్పింది. మిస్‌ను నేనే తప్పుగ అడిగిన, ఆమెది ఏం తప్పు లేదు. మీరంత రోజాలున్నరు. మీకు ఖర్జూరాలు పాప ఇస్తది. దువా చేయండి."

పరదా అవతల మగవాళ్లూ విన్నారు. మైకు అక్కడికీ వినిపిస్తుంది కదా.

రోజా ఉన్నవాళ్లకు విడవడానికి ఏదైనా ఇస్తే, వాళ్ల పుణ్యంలో ఏమీ తగ్గకుండానే, ఇచ్చినవాళ్లకూ అంతే పుణ్యం దొరుకుతుందని మాకు చెబుతారు. ఒక ఖర్జూరమైనా సరే, ఒక గుక్క నీళ్లయినా సరే. ఇది నాకు తెలుసు. మిస్‌కు తెలుసు. ఆ హాల్లో సగం మందికి తెలుసు. ఆ పూట ఎవరికీ తట్టలేదు. దుల్హన్‌కు తట్టింది.

మా వైపు బంధువు ఒకావిడ అందరికీ వినబడేట్టు అంది: "మరి గీ హారం ఎవలికి తెచ్చినట్టు?"

నానీమా మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది.

"నాకెయ్యండి. బుద్ధి తెల్సినప్పటి సంది ఒక్కపొద్దులుంటున్న, నాకెవ్వలు ఏసిన్రు? మా ఊర్ల మా అమ్మ ఇంత జొన్న గట్క పెట్టింది, గంతే నా రఖాయి." వెళ్లి ఆ మల్లెల కుర్చీలో కూర్చుంది. "ఏం సూస్తున్నవే, ఫొటో దియ్యి," అంది కెమెరా అమ్మాయితో. ఆ అమ్మాయి తీసింది. హారం వేసింది ఎవరో నాకు గుర్తు లేదు. ఆడవాళ్ల వైపు నవ్వులు మొదలయ్యాయి. అడిగిన బంధువు కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

పిల్ల ఖర్జూరాల పళ్లెం రెండు చేతులా పట్టుకుని వరసలో నడిచింది. గౌను పొడవు ఎక్కువై కాళ్లకు అడ్డం పడుతుంటే మిస్ వెనకాల నడుస్తూ అంచు ఎత్తి పట్టుకుంది. అందరి దగ్గరా ఆగింది. కింది ఆవిడ దగ్గరా ఆగింది. ఆవిడ రోజాలో లేరు. అయినా ఖర్జూరం తీసుకుని అజాన్ వినిపించేదాకా అరచేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. తర్వాత పిల్ల పరదా కింద నుంచి దూరి మగవాళ్ల వైపు వెళ్లింది. పరదా సందులోంచి నేను చూశాను. తమ్ముడు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పక్కకు తిరిగి ఉన్నాడు. పిల్ల కదలకుండా పళ్లెం పట్టుకుని నిలబడింది. చివరికి తిరిగాడు. ఒక ఖర్జూరం తీసుకున్నాడు. "షుక్రియా" అన్నాడు, పెద్దవాళ్లతో అన్నట్టే. అప్పుడే అజాన్ మొదలైంది.

దువా ఎవరికి వాళ్లు మనసులో చదువుకున్నారు.

ఆ ఏడు పిల్ల మళ్లీ రోజా ఉండలేదు. పరీక్షలొచ్చాయి. మరుసటి రంజాన్‌లో కొన్ని ఉంది, ఎవరినీ పిలవలేదు. షీల్డును మిస్ సంచిలో పెట్టుకుని తీసుకెళ్లింది. తర్వాత ఒకరోజు ఫోను చేసి, నిజాయితీ నెల వస్తోంది, ఈ సంగతి క్లాసులో చెప్పనా, పేరు చెప్పనులే అంది. దుల్హన్ మర్యాదగానే వద్దంది. "దాన్ని సుత చార్టు ఎక్కించకండి మిస్. అది నీళ్లు తాగిన పిల్లగనే ఉండని." మిస్ నొచ్చుకోలేదు. ఆమె మనసు మంచిది. నన్ను మాత్రం, ఎవరి పేరూ లేకుండా అయితే రాసుకొమ్మంది దుల్హన్.

ఇది విన్నవాళ్లు పిల్ల నిజం చెప్పిందని మెచ్చుకుంటారు. నానీమా మాటలకు నవ్వుకుంటారు. తమ్ముడిని కూడా పెద్ద మనసున్నవాడంటారు, ఆ రోజు కోపం చేసుకోనందుకు. అతను ఇంటికొచ్చాక దుల్హన్‌తో చాలా రోజులు మాట్లాడలేదని వాళ్లకు తెలియదు. మా వైపు బంధువుల్లో, పిల్ల పరువు తల్లే తీసిందన్న మాట ఇప్పటికీ పెళ్లిళ్లలో తిరుగుతూనే ఉంది. ఆమె ముందే అంటారు. ఆమె వింటుంది, చాయ్ ఇస్తుంది, లోపలికి వెళ్తుంది. ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను, నీకు బాధ లేదా అని. "ఉంది ఆపా," అంది. "కానీ పాప నాకు అయ్యింది అయినట్టే చెప్తది. స్కూల్ల సంగతి, దోస్తుల సంగతి. నాకు గది చాలు."

ఇది చదివిన మీరు ఏ దేవుడికి మొక్కేవారైనా సరే, ఏ భాషలో మొక్కేవారైనా సరే, ఈ రోజు చేతులు జోడించినప్పుడో చాపినప్పుడో మా దుల్హన్‌ను ఒక్కసారి తలచుకోండి. పేరు నేను చెప్పలేదు. పేరు లేకపోయినా ఆ దువా ఆమెకు చేరుతుంది.